పీట మీది క్యాన్

మే నెల, సోమవారం మధ్యాహ్నం మూడింటికి పటమటలో మూడో అంతస్తు ఫ్లాట్ తాళం తీసి వినీల లోపల అడుగుపెట్టిందో లేదో, పాదం చల్లగా తడిసింది. హాలంతా నీళ్లు! వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉన్నాయి.

హాల్లో గోడవారన ఆమె ప్రాణం పెట్టి పెంచుకుంటున్న ఉప్పునీళ్ల అక్వేరియం ఉంది. పై తొట్టిలో పూరేకుల్లాంటి వేళ్లు చాపుకునే ఎనిమోన్ అనే సముద్రజీవి, దాని ఒళ్లో దాక్కునే రెండు నారింజరంగు చేపలు. కింద అరలో నీళ్లు శుభ్రమయ్యే చిన్న తొట్టి. ఈ ఎండలకి రోజుకి నాలుగు లీటర్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు కాబట్టి ఆ లోటు మంచినీళ్లతోనే పూడ్చాలి. గురువారం నుంచి పరీక్షలు, కాలేజీ గన్నవరం అవతల, పొద్దున వెళితే సాయంత్రానికి గానీ రాదు. అందుకే కిందటి వారమే ఆటోమేటిక్ మోటారు పెట్టింది. నేల మీద ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్, అందులో మోటారు, దాన్నుంచి కింద తొట్టిలోకి సన్నటి ట్యూబు. నీళ్లు తగ్గితే మోటారు తిరుగుతుంది, గీత దాకా నిండగానే ఆగుతుంది.

ఇప్పుడు క్యాన్ నేల మీద లేదు. వంటింట్లో ఉండాల్సిన ఎత్తుపీట హాల్లోకి వచ్చింది, పీట మీద క్యాన్ ఉంది, క్యాన్‌లో చుక్క లేదు. ఉప్పు మీటర్లో ముప్ఫై ఐదు ఉండాల్సింది ముప్ఫై చూపిస్తోంది. ఎనిమోన్ ముడుచుకుని పిడికిలంత అయిపోయింది.

వాళ్లమ్మ స్టెల్లా నర్సు. సాయంత్రం ఆమె డ్యూటీ దిగి చెప్పులు విప్పుతుండగానే వినీల నిలదీసింది.

"క్యాన్ పైన ఎందుకు పెట్టావమ్మా?"

"నేనా? నడుం పట్టేసి చెంబెత్తలేక చస్తుంటే ఇరవై లీటర్లు ఎత్తానా? నీ చేపల పిచ్చి తగలెయ్య!" అంది స్టెల్లా. ఆ పీట వంక చూసి గొంతు తగ్గించింది. "తాగేనీళ్లు కాళ్ల దగ్గర పెట్టకూడదని మీ మామ్మే అనేదే..."

మామ్మ శౌరమ్మ పోయి ఏడు వారాలు. ఇద్దరూ ఆ మాట అక్కడితో వదిలేశారు.

మంగళవారం క్యాన్ నింపి నేల మీదే పెట్టి, తలుపు గడియేసి, వినీల చదువుకోడానికి కూర్చుంది. స్టెల్లా డ్యూటీలో ఉంది. మిట్టమధ్యాహ్నం, వీధిలో ఒక్క హారన్ కూడా లేదు. పుస్తకం మీద తలవాల్చి పావుగంట కునుకు తీసిందేమో, గలగల శబ్దానికి కళ్లు తెరిచింది. క్యాన్ పీట మీద ఉంది. నీళ్లు దిగుతున్నాయి. సెన్సర్ చెడిపోయిందనుకుని ఒక్క గెంతులో వెళ్లి ప్లగ్ పీకేసింది.

నీళ్లు ఆగలేదు.

ప్లగ్ ఆమె చేతిలో ఉంది. మోటారు చప్పుడు లేదు. నీళ్లు మాత్రం ఎవరో చెప్పినట్టు పారుతూనే ఉన్నాయి. చేపల షాపు నానికి ఫోన్ చేసింది.

"మోటారుతో పనేముందండీ? క్యాన్ పైనుంది, తొట్టి కిందుంది. ట్యూబులో ధార ఒకసారి అందుకుందంటే క్యాన్ ఖాళీ అయ్యేదాకా ఆగదు. ముందు ట్యూబు పైకి లాగండి!"

లాగింది. ధార తెగింది. మీటరు ఇరవై ఏడు.

"ఇంకో క్యాన్ దిగితే ఎనిమోన్ కరిగిపోద్దండీ. అది కరిగితే ఆ విషానికి చేపలూ మిగలవు. ఉప్పు ఒకేసారి కలిపేయకండి, రోజుకి కాస్త కాస్త. అయినా అంత ఎత్తున పెట్టమని ఎవరు చెప్పారండీ మీకు?"

"నేను పెట్టలేదు."

"మరెవరు పెట్టారు?"

వినీల ఫోన్ పెట్టేసింది.

బుధవారం క్యాన్ చెవిని బట్టలారేసే తాడుతో అక్వేరియం స్టాండు కాలికి కట్టింది, నాలుగు ముళ్లేసింది, ఎదురుగా కుర్చీ వేసుకుని రెప్పవేయకుండా కూర్చుంది. పన్నెండున్నరకి కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా ఆగింది. ఉక్కపోతకి లేచి బాల్కనీ తలుపు తీసింది, అంతే, మూడడుగులు. వెనక్కి తిరిగేసరికి క్యాన్ పీట మీద ఉంది. తాడు మడతలు మడతలుగా చుట్టి పక్కన పెట్టి ఉంది. నేల మీద చుక్క తొణకలేదు. కరెంటు లేని ఇంట్లో మోటారు లేని నీళ్లు గలగలమంటున్నాయి.

పరుగెత్తి ట్యూబు గుప్పిట్లో నలిపి పట్టుకుంది. గాజు లోపల రెండు చేపలూ ఆమె వైపు చూడటం లేదు. ఆమె భుజం పక్కన, ఎవరూ లేని చోటుకి చూస్తున్నాయి.

ట్యూబు వదల్లేదు. తల తిప్పలేదు. రేపు ఎనిమిదింటికి ఇల్లు ఖాళీ, సాయంత్రం దాకా కాపలా కాసేవాళ్లు లేరు. కింద పెడితే పైకెక్కుతోంది. కడితే విప్పుకుంటోంది. సరే, అయితే!

ఒక చేత్తోనే నానికి మళ్లీ ఫోన్ చేసింది. "క్యాన్ పైనే ఉండాలి. పైనే ఉన్నా నీళ్లు ఆగాలి. చెప్పండి."

"క్యాన్ మూతిలోపలే, నీళ్లకి పైన, ట్యూబుకి సూదితో బెజ్జం పెట్టండి. మోటారు ఆగగానే అందులోంచి గాలి దూరి ధార తెగిపోద్ది. క్యాన్ నిండా మాత్రం పోయకండి, ఆ రోజుకి సరిపడా నాలుగు లీటర్లు చాలు. ఏదన్నా తేడా వచ్చినా కొంప మునగదు."

కరెంటు వచ్చాక పదిసార్లు పరీక్షించింది. మోటారు ఆగిన ప్రతిసారీ ధార టక్కున తెగింది. గురువారం పొద్దున నాలుగు లీటర్లు పోసి, క్యాన్‌ని తన చేతులతోనే పీట మీద పెట్టింది.

"మామ్మా, నీ మాటే. పైనే పెట్టా," అంది ఖాళీ హాలుతో. "ట్యూబు మాత్రం ముట్టుకోకే. బతకాలి అవి."

పరీక్షలో ఏం రాసిందో ఆమెకే తెలీదు. సాయంత్రం మెట్ల మీద స్టెల్లా కలిసింది, ఇద్దరూ కలిసే తాళం తీశారు. నేల పొడిగా ఉంది. నీళ్లు సరిగ్గా గీత దగ్గర. మీటరు ఇరవై ఏడు, పడలేదు. ఎనిమోన్ వేళ్లు కొన్ని బయటికి చాచింది, చేపలు రెండూ అందులో దూరి ఊగుతున్నాయి. వినీలకి ఏడుపొచ్చినంత పనైంది.

"వినీలా," అంది స్టెల్లా వెనకనుంచి. "ఇది నువ్వు పెట్టావా?"

క్యాన్ మూతి మీద స్టీలు పళ్లెం. దుమ్ము పడకుండా బోర్లించి ఉంది, ట్యూబు నలగకుండా ఒక పక్కకి జరిపి ఉంది. అంచు మీద చెక్కిన అక్షరాలు: శౌరమ్మ.

"నలభయ్యో రోజు పూజయ్యాక ఆమె గిన్నెలన్నీ నా చేతుల్తో ఆశ్రమానికి ఇచ్చొచ్చానే," అంటూ స్టెల్లా పళ్లెం తీయబోయింది.

"తీయకమ్మా," అంది వినీల. "మళ్లీ పెట్టాల్సొస్తుంది ఆవిడ."