ముందు స్టేషన్లోనే దిగేవాళ్ళం

ఆసుపత్రికి ఎదురుగానే మెట్రో స్టేషన్ ఉంది. అయినా డయాలసిస్‌కి వెళ్ళినప్పుడల్లా అమ్మమ్మా నేనూ దానికి ముందు స్టేషన్లోనే దిగిపోయేవాళ్ళం. మైకులో ఆ పేరు వినపడకముందే దిగాలి. అది ఆవిడ పెట్టిన రూలు.

ఆ స్టేషన్‌కి ఒకప్పటి సైన్యాధికారి పేరు పెట్టారు. పాఠ్యపుస్తకాల్లో ఆయన మహానుభావుడు. మా ఇంట్లో మాత్రం ‘వాడు’. కూలి పెంచమని మిల్లు గేటు దగ్గర కూర్చున్నవాళ్ళ మీద తుపాకులు పేల్చమన్నది వాడే. పోయినవాళ్ళలో అమ్మమ్మ వాళ్ళ నాన్న ఉన్నాడు. అప్పటికి ఆవిడకి పాలపళ్ళు కూడా ఊడలేదు. మా ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకరు. నేనూ ఇక్కడ రాయను, ఎవరేమనుకున్నా సరే.

“చచ్చి మట్టయిపోయినవాడి మీద ఇంకా పంతమేంటే అమ్మమ్మా? నా కాళ్ళు లాగేస్తున్నాయి,” అని ఏడిపించేదాన్ని.

“వాడి గుమ్మం తొక్కి, రేపు మా నాన్నకి ఏ మొహం పెట్టుకుని కనపడను? నీకంత బద్ధకమైతే నువ్వు రైల్లోనే పో.”

ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. ఆసుపత్రిలో మిషన్ పాడై అంతకుముందు వంతు తప్పిపోవడంతో ఆవిడ ఒళ్ళంతా వాచి ఉంది. రోడ్డు తవ్వేశారు, బండ్లు రావడం లేదు. నా భుజం పట్టుకుని ఈడ్చుకుంటూ నడిచింది. సరిగ్గా వాడి స్టేషన్ మెట్ల ముందుకొచ్చి కూలబడిపోయింది.

సెక్యూరిటీ గార్డు పరిగెత్తుకొచ్చాడు. “చుట్టూ తిరిగెళ్తే చాలా ఆలస్యమైపోద్దమ్మా. స్టేషన్ లోపల్నుంచి దాటిద్దాం, అవతలి గేటు ఆసుపత్రి ముందే,” అన్నాడు.

అమ్మమ్మ నా మణికట్టు పట్టుకుంది. “వద్దు,” అంది.

నాకు ఆవిడ పంతం కన్నా ప్రాణం ముఖ్యం. గార్డుకి తలూపాను. ఇద్దరు ప్రయాణికులు చెయ్యి వేశారు, గార్డు తెచ్చిన కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళాం. లోపల గోడ నిండా వాడి బొమ్మ, గుర్రం మీద. పైన మైకు వాడి పేరే చెబుతోంది. అమ్మమ్మ అప్పటికే కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. సగం దారిలో నా మణికట్టు మీద పట్టు వదిలేసింది.

ఆసుపత్రిలో డాక్టర్ చూసి, దారిలోనే పోయారని చెప్పాడు.

“ఎక్కడ పోయింది?” అని ఇంట్లో అమ్మ అడిగింది.

“రోడ్డు మీదే,” అన్నాను.

అమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“పోన్లే,” అంది. “అక్కడ కాదుగా.”