బొట్టుబిళ్ళ కింద బంకు

నేను ఒక రాజస్థాన్ రోడ్డు పటాన్ని. కారులో ఎడారి చూడబోయేవాళ్ళకు దారి చెప్పడం నా పని. జైపూరులో ఒక ప్రెస్సులో నాలుగు రంగుల్లో పుట్టాను. కోటలు, ఒంటెలు, పెట్రోలు బంకులు, అన్నీ చిట్టి బొమ్మలుగా నా ఒంటి మీదే. ‘బంకు కనిపిస్తే ట్యాంకు నింపండి, మంచినీళ్ళు దగ్గర ఉంచుకోండి’ అని అంచున ఎర్రక్షరాలు. చదివినవాళ్ళు తక్కువ. మొదట కొన్న పెద్దమనిషి విసనకర్రగా ఊపి, అద్దె కారులో మరిచిపోయాడు. తర్వాతివాళ్ళు నా మీద పూరీలు పెట్టుకు తిన్నారు. జోధ్‌పూర్ చుట్టూ నూనె మరక అప్పటిదే.

ఆ కారునే కాకినాడ జంట అద్దెకు తీసుకుంది. మధూలిక, సుధీంద్ర. పెళ్ళయి పదకొండు రోజులు. నన్ను విప్పగానే మధూలిక, “అబ్బ, ఈ ఒంటె ఎంత ముద్దుగా ఉందో!” అని మురిసి, సంచిలోంచి బొట్టుబిళ్ళల అట్ట తీసింది. చూడాలనుకున్న చోటల్లా ఒక బిళ్ళ.

“పటానికీ బొట్టు పెట్టేశావా?”

“మనతో ఊరేగేదేగా అండీ, బోసిగా ఎందుకూ?”

నాకూ గర్వంగానే ఉంది. కానీ కొంగల చెరువు మీద అంటించిన ఏడో బిళ్ళ, పక్కనున్న బంకును కూడా కప్పేసింది. అరుద్దామంటే నాకు నోరేది?

ఎండెక్కిందని చెరువు వైపు మలుపు తిరగకుండా, దాన్ని రేపటికి వాయిదా వేసి ముందుకు సాగారు. మధ్యాహ్నానికి పెట్రోలు దీపం వెలిగింది. ఫోనులో సిగ్నల్ లేదు. ఏసీ ఆపేశారు. రోడ్డు మీద ఇసుక పాకుతోంది.

“తర్వాతి బంకు ఎంత దూరం మధూ?”

“తొంభై ఐదండీ. వెనకది అరవై.”

“మనకున్నది ముప్పైకి వస్తే గొప్ప.”

సీసాలో నీళ్ళు సగమే ఉన్నాయి. ఆమె వేలు నా మీద పాకి, ఏడో బిళ్ళ దగ్గర ఆగింది. “దీని కింద ఏమైనా…” అని గోటితో లాగింది. జిగురుతో పాటు నా పైపొర కూడా ఊడి, తెల్లటి మచ్చ మిగిలింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయిపోయిందనుకున్నాను.

ఇంట్లో అలవాటు చొప్పున, తీసిన బిళ్ళను కారు అద్దానికి అంటించబోయింది. దాని వెనక ఉల్లిపొరంత పలచటి నా చర్మం ముక్క, అందులోంచి తిరగబడి కనిపిస్తున్న చిట్టి బొమ్మ.

“ఏవండీ, బంకు! చెరువు పక్కనే బంకు! తిప్పండి కారు!”

వెనక్కి పద్దెనిమిది కిలోమీటర్లు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. బంకు నీడలోకి వస్తూనే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మధూలిక నన్ను ముద్దు పెట్టుకుంది. సుధీంద్ర, “నాకు లేదా?” అన్నాడు.

కారు యజమానిని అడిగి నన్ను కాకినాడ తెచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్ళ అద్దం పక్కన గోడ మీద ఉన్నాను. ఆ తెల్లమచ్చలో మధూలిక పెన్నుతో ఒక బంకు గీసింది, కోటలన్నిటికన్నా పెద్దది.