గేటు బయట చెప్పని ఓటీపీ

గుణశేఖర్ చేసిన పని సొంత లారీ నడుపుకునే ఎల్లారావు ఈ జన్మలో మరిచిపోడు. ద్వారకా నగర్‌లో ఏసీ గదిలో కూర్చునే ఆ ట్రాన్స్‌పోర్టు ఏజెంటు, లారీలు పోర్టులోకి వెళ్లే పాసుల ఖాతాకి తన నంబరు కాకుండా ఎల్లారావు నంబరు ఇచ్చాడు. తన ఫోను ఊరికే మోగకూడదట. అప్పట్నుంచి ఏ డ్రైవరుకి పాసు కావాలన్నా ఇతనికే ఫోను. "బావా, ఓటీపీ సెప్పు" అంటే చాలు, గొంతెవరిదని కూడా అడగకుండా చెప్పేసేవాడు.

సరిహద్దులో యుద్ధం మొదలైన వారమే పోర్టు గేటు కంప్యూటర్లు తలకిందులయ్యాయి. ఏ కంటైనరు ఎవరిదో లోపలివాళ్లకే తెలీదు. బయట లారీల బారు. ముందుకి పోలేరు, వెనక్కి తిప్పలేరు.

ఎల్లారావు బండి మీది శీతల కంటైనరులో గడ్డకట్టించిన ఎగుమతి రొయ్యలు. ఎండకి దాన్ని చల్లగా ఉంచే జనరేటరు ఆగిపోయింది. కరెంటు ప్లగ్గులు గేటు లోపలే ఉన్నాయి. సరుకు కరిగితే నష్టం బండి యజమానిదే, అంటే ఎల్లారావుదే. ఆ బండి భూమి బ్యాంకులో తాకట్టు పెట్టి కొన్నది.

"మీటరెంతుంది బావా?" పక్క లారీ జావేద్ కేకేశాడు.

"మైనస్ పద్దెనిమిదుండాల. తొమ్మిదికొచ్చీసింది."

"ఇంకేటి, నిమ్మకాయలు తెచ్చీమంటావా? వేపుడేసుకుందుం!"

"నీ నోట్లో మన్నెయ్య!"

సైబర్ పోలీసు ఆశాజ్యోతి మైకు పట్టుకుని బారు వెంట నడుస్తోంది.

"ఓటీపీ ఎవరికీ చెప్పకండి! ఏజెంట్ల ఖాతాల్లోంచే శత్రువులు లోపలికి దూరారు. ఓడ మీద బాంబేస్తే లోకం చూస్తుంది. గేటు బిగిస్తే యుద్ధ సామానూ కదలదు, మనలో మనమే కొట్టుకు చస్తాం. వాళ్లకి కావాల్సింది అదే!"

ఆమె పది బళ్లు దాటిందో లేదో, ఎల్లారావు ఫోను మోగింది.

"బావా, కంట్రోల్ రూమ్ నుంచి. నీ సరుకు కరిగిపోతోంది కదా? నీ బండి ముందు పంపిస్తాను. మెసేజ్ వచ్చింది చూడు, నంబరు చెప్పు."

నిజంగానే వచ్చింది. ఆరంకెలు. చెబితే ప్లగ్గు, సరుకు, భూమి.

"నువ్వెవులివో నాకెలా తెలుస్తాది? గేటు కాడికొచ్చి సెయ్యూపు. సెప్తాను."

ఎల్లారావు లారీ మెట్టు మీద నిలబడి మెడ సాచి చూశాడు. ఊపితే బాగుణ్ణనుకున్నాడు. గేటు దగ్గర జవాను తప్ప ఎవరూ లేరు.

"టైం లేదు బావా. నష్టం నీదే."

"నాదే. పెట్టీ ఫోను."

మళ్లీ మోగింది. మళ్లీ మళ్లీ మోగింది. చివరికి సిమ్ము పీకి, పరుగెత్తుకెళ్లి ఆశాజ్యోతి చేతిలో పెట్టాడు. తిరిగొచ్చేసరికి కంటైనరు తలుపు సందులోంచి నీళ్లు కారుతున్నాయి.

గేటు తెరుచుకునేసరికి సరుకు కంపు కొట్టింది. సాయం అడిగితే గుణశేఖర్ ముఖం తిప్పుకుని, "ఖాతా నీ నంబరు మీదుంది, నాకేటి సంబంధం?" అన్నాడు. రొయ్యల కంపెనీ ఎల్లారావు దగ్గర నష్టం వసూలు చేసుకుంది. బండి అప్పు వాయిదాలు తప్పాక బ్యాంకు తాకట్టు భూమిని వేలం వేసింది.

భీమిలి వెనకాల ముప్పై నాలుగు సెంట్ల సొంత జిరాయితీ భూమి.