సుకవారో బాయి పొలంలో సున్నాలు

భీమారావు స్కూటర్‌ను నేలకు తగులుతుందేమో అన్నంతగా ఒక పక్కకు వంచి, కాసేపు అలాగే పట్టుకుని, నిలబెట్టి కిక్ కొట్టాడు. మూడో దెబ్బకు దగ్గింది, నాలుగో దెబ్బకు పలికింది. డిసెంబరు నెల, ఆదివారం, ఇంకా ఆరు కాలేదు. రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ క్వార్టర్ల మీద కుంపట్ల పొగ మంచుతో కలిసి కదలకుండా నిలబడి ఉంది. ఆయన మఫ్లరు చెవుల మీదికి లాక్కుని ఇంటివైపు చూశాడు.

“బంగారీ, బేగి రా. ఎండెక్కిపోతే ఫోటోలు తెల్లగొచ్చేత్తాయి.”

బంగారమ్మ తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, టిఫిన్ సంచీ భుజాన తగిలించుకుని వచ్చింది. “ఏటీ నేని సోటికి ఎల్డానికి ఇంత తొందరేటయ్యా? అదేమన్నా పారిపోద్దా?” అంటూ వెనక సీటు మీద ఒక పక్కగా కూర్చుంది.

భీమారావుకు యాభై ఎనిమిదేళ్ళు. వాగన్ రిపేరు షాపులో పెయింటరు. తండ్రి టెక్కలి దగ్గరి పల్లె నుంచి ఖలాసీగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు కాబట్టి ఆయన పుట్టిందీ పెరిగిందీ రాయపూర్‌లోనే. పొట్టి మనిషి. ముప్ఫై మూడేళ్ళుగా కుంచె పట్టిన కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి జారి ఉంటుంది. గోళ్ళ అంచుల్లో తెల్లరంగు ఇరుక్కుపోయింది. కిరసనాయిలుతో ఎంత కడిగినా పోదు. పెళ్ళిళ్ళలో పంక్తిలో కూర్చున్నప్పుడు ఆ వేళ్ళను కొంచెం లోపలికి ముడుచుకుంటాడు.

మరమ్మతు పూర్తయిన ప్రతి వాగను మీదా దాని నంబరు, ఖాళీ బరువు, మళ్ళీ మరమ్మతుకు రావలసిన తేదీ రాయడం ఆయన పని. రేకు అచ్చు ఆనించి రంగు కొట్టేస్తే అయిపోతుంది. కానీ రేకు అచ్చులో సున్నా పూర్తిగా ఉండదు. మధ్య ముక్క ఊడి పడిపోకుండా పైనొక చోట, కిందొక చోట రేకు వదిలేస్తారు. అందుకని అచ్చు తీశాక సున్నా రెండు ముక్కలై కనిపిస్తుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. భీమారావు మాత్రం సన్నకుంచె తీసి ఆ రెండు సందులూ పూడుస్తాడు. తరవాత ఎనిమిది, ఆరు, తొమ్మిది. “ఇలా చెయ్యమని సాబ్ అడిగాడా?” అని తోటివాళ్ళు నవ్వితే, “సాబ్ అడగనేదు, సున్నా అడిగింది” అంటాడు. ఆ వాగన్లు విశాఖ రేవుకు, పారాదీప్‌కు, పంజాబు గోధుమల గిడ్డంగులకు పోతుంటాయి. ఆయన మాత్రం చుట్టాల పెళ్ళిళ్ళకు టెక్కలి వెళ్ళడం తప్ప ఎక్కడికీ పోలేదు.

ఈ ప్రయాణానికి కారణం కూతురు వీణ. ఆమె భిలాయిలో ఒక బీమా ఆఫీసులో పనిచేస్తూ భర్తతో అక్కడే ఉంటుంది. జూలైలో ఒక ఆదివారం వచ్చినప్పుడు ఫోన్‌లో ఒక సంగతి చూపించింది. భూమి పటం మీద అడ్డంగా, నిలువుగా గీతలుంటాయి గదా, అవి పూర్తి అంకెల దగ్గర ఒకదాన్నొకటి దాటే చోట్లకు ఎక్కడెక్కడి మనుషులో వెతుక్కుంటూ వెళుతున్నారు. ఆ చోట నిలబడి నాలుగు దిక్కులకూ నాలుగు ఫోటోలు తీసి, ఎలా వెళ్ళారో నాలుగు ముక్కలు రాసి ఒక వెబ్‌సైటుకు పంపుతున్నారు. జీతం లేదు, బహుమతీ లేదు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఒకచోట ఇసుక, ఒకచోట మంచు, ఒకచోట ఎవరిదో పశువుల కొట్టం వెనక గోడ.

“మన దగ్గరిది ఇరవయ్యొకటి, ఎనభై రెండు నాన్నా. రాజిమ్ దాటాక. ఎవరూ వెళ్ళలేదు. చూడు, ఈ గడి ఖాళీగా ఉంది.”

ఆ ఖాళీ గడి భీమారావును పట్టుకుంది. భోజనాల దగ్గర ఉన్నట్టుండి “ఆడెవరూ రాయనేదు. రాయాల గదా” అన్నాడు.

ఆగస్టులో ఒక్కడే వెళ్ళాడు. వరిచేలు మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాయి. మూడు వందల మీటర్ల అవతల గట్టు మీద నిలబడి ఫోటోలు తీశాడు. వీణ వాటిని పంపితే, వారానికి ఆ వెబ్‌సైటు వాళ్ళ జవాబు వచ్చింది. మీరు పడ్డ శ్రమకు కృతజ్ఞతలు, కానీ వంద మీటర్ల లోపలికి వెళితేనే లెక్కలోకి తీసుకుంటామని మర్యాదగా రాశారు. వీణ చిన్నబుచ్చుకుంది. ఆయన చిన్నబుచ్చుకోలేదు. “కరెక్టే గదమ్మా. సగం నంబరు రాసిన వాగన్ని ఎవుడు పాస్ సేత్తాడు?” అని, కోతలయ్యేదాకా ఆగాడు. ఈసారి ఒంటరిగా పంపనని బంగారమ్మ కూడా బయల్దేరింది.

అభన్‌పూర్‌లో టీ తాగారు. రాజిమ్ వంతెన మీద స్కూటర్ ఆపించి బంగారమ్మ మహానదికి దణ్ణం పెట్టుకుంది. ఇసుక ఎక్కువ, నీళ్ళు తక్కువ. ఊళ్ళు దాటి మట్టిబాట కూడా ఆగిపోయిన చోట స్కూటర్ నిలిపి గట్ల మీద నడక మొదలుపెట్టారు. భీమారావు రెండుసార్లు ఆగి, ఫోన్‌లో అంకెలు చూస్తున్నట్టు తల వంచి, ఎడమ అరచేత్తో ఛాతీ రాసుకున్నాడు. బంగారమ్మ చూసింది. తన నడక తగ్గించుకుని, కాలు నొప్పి అని అబద్ధం చెప్పింది.

ఫోన్ చూపించే చోటు ఇంకా నూట యాభై మీటర్లుందనగా ఒక ముసలామె కొడవలి పట్టుకుని ఎదురొచ్చింది. చీర మోకాళ్ళ దాకా బిగించి కట్టింది. చేతులకు దళసరి వెండి కడియాలు.

“కా నాపత్ హవ్?” అంది. ఏం కొలుస్తున్నారని.

కొలవడం లేదని భీమారావు ఛత్తీస్‌గఢీలోనే చెప్పాడు. ఆమె నమ్మలేదు. నాలుగేళ్ళ కిందట ఇలాగే ఇద్దరు చేతిలో ఏదో పట్టుకుని చూసుకుంటూ వచ్చారు. తరవాత ఎర్రరంగు మేకులు పాతారు. తరవాత రోడ్డు పడింది. ఆ వైపు ఉన్న పొలం చెక్కలో సగం పోయింది. “యే ఖేత్ నై దేవంవ్” అంది. ఈ పొలం ఇవ్వను. కొడవలి ఎత్తలేదు గాని, గట్టుకు అడ్డంగా నిలబడింది.

బంగారమ్మ కల్పించుకుంది. “ఈయన సర్కారీ నాపు మనిషి కాదు దాయీ. రేల్ డబ్బాల మీద రంగు వేస్తాడు. ఇక్కడ ఒక ఫోటో తీసుకోవాలని పిచ్చి పట్టింది, అంతే” అని ఆమె భాషలోనే చెప్పింది.

“ఇక్కడేముంది?”

“ఏమీ లేదు.”

“ఏమీ లేనిదానికి రాయపూర్ నుంచి వచ్చారా?”

బంగారమ్మ మొగుడి వైపు చూసింది. భీమారావు “చలో బంగారీ. ఆమె పొలం, ఆమె ఇష్టం. బయపెట్టి తీసే ఫోటో మనకెందుకు?” అన్నాడు తెలుగులో. వెనక్కి తిరిగాడు. మాట మామూలుగానే వచ్చింది గాని, ఫోన్ జేబులో పెట్టుకోవడానికి రెండుసార్లు జేబు వెతుక్కున్నాడు. అది బంగారమ్మ గుండెకు తగిలింది.

కళ్ళం పక్కనుంచి దారి. అక్కడ ధాన్యం బస్తాలు ఎత్తిన ట్రాలీ నిలబడి ఉంది. ఎర్రరంగు వెనకతలుపు మీద నంబరు చెరిగిపోయి, ఎనిమిదో మూడో తెలియకుండా ఉంది. భీమారావు కాళ్ళు అక్కడ ఆగిపోయాయి. వేలితో ఆ అంకెల మీద గీసి చూశాడు.

“ఇలాగ రోడ్డెక్కితే పట్టుకోరా?” అని అడిగాడు.

పట్టుకున్నారు, పోయిన వారమే, అంది ముసలామె. రేపు పొద్దున్నే ధాన్యం సొసైటీకి తోలాలి. కొడుకు ట్రాక్టరు బాగు చేయించడానికి వెళ్ళాడు. రంగు కొని తెచ్చాడు గాని రాసేవాడు దొరకలేదు.

“రంగేదీ?”

డబ్బా వచ్చింది. తెరిచి రోజులైనట్టుంది, పైన తోలు కట్టింది. భీమారావు పుల్లతో ఆ తోలు తీసి పక్కన పెట్టి, కొంచెం డీజిలు పోయించుకుని కలిపాడు. కుంచె లేదు. వేపపుల్ల ఒకటి విరిచి, కొస నమిలి నమిలి మెత్తగా పీచు చేశాడు.

“పొద్దున్న పళ్ళు తోముకోనేదా?” అంది బంగారమ్మ.

ఆయన మఫ్లరు తీసి ఆమె చేతికిచ్చి ట్రాలీ ముందు గొంతుక్కూర్చున్నాడు. ముసలామె కాగితం తెచ్చి చూపించింది. ఆఖరి నాలుగంకెలు నాలుగు, ఎనిమిది, సున్నా, ఆరు. అచ్చు లేదు, కొలత లేదు. బొటనవేలు ఆనించి ఎత్తు చూసుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో అంకెనూ పైనుంచి కిందికి దించాడు. సున్నా దగ్గర చెయ్యి ఆగకుండా గుండ్రంగా తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసింది. అరగంట పట్టింది. లేచేటప్పుడు మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, మూడు ఊపిర్లు తీసుకున్నాక గాని నడుము నిలబడలేదు.

“సాయంత్రం దాకా బస్తా తగలనియ్యకు” అని చెప్పి, మఫ్లరు తీసుకుని మళ్ళీ స్కూటర్ వైపే నడిచాడు.

వాళ్ళు పది అడుగులు వేశాక ముసలామె పిలిచింది. మట్టిలో తివడా మొలకలున్నాయి, పప్పు పంట, తొక్కితే చస్తుంది, చెప్పులు గట్టు మీద విడిచి లోపలికి వెళ్ళండి అంది. తన పేరు సుకవారో అని బంగారమ్మ అడిగితే చెప్పింది.

కోసిన వరిమోళ్ళ మధ్య భీమారావు ముందుకు మూడడుగులు, వెనక్కి ఒకటి, కుడికి రెండు, మళ్ళీ ఎడమకు వేస్తూ తిరిగాడు. ఫోన్ బంగారమ్మ చేతిలో ఉంది. ఆమె అంకెలు చదువుతూ వెంట తిరిగింది. సుకవారో గట్టు మీద కూర్చుని ఇద్దరినీ చూస్తూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఎంత?”

“మూడు సున్నాలు. నాలుగోది ఏడు.”

“ఇప్పుడు?”

“పైన అన్నీ సున్నాలే. కింద ఒకటి రెండైపోనాది. అటు జరుగు. అటు కాదయ్యా, ఇటు. బస్, బస్. కదలకు.”

పైన ఇరవయ్యొకటి, కింద ఎనభై రెండు, ఒక్కోదాని పక్కన ఐదేసి సున్నాలు. అవి నిలిచింది రెండు క్షణాలే. ఆ రెండు క్షణాల్లో భీమారావు వీణ ఇచ్చిన కెమెరాతో ఫోన్‌ను, దాన్ని పట్టుకున్న బంగారమ్మ చేతినీ ఫోటో తీశాడు. తరవాత అక్కడే మడమల మీద తిరుగుతూ ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర తీశాడు.

“మిలిస్?” అని అడిగింది సుకవారో. దొరికిందా అని.

“దొరికింది.”

“ఏం దొరికింది?”

“సున్నా” అంది బంగారమ్మ నవ్వుతూ.

ఆ మాట వాళ్ళ భాషలో కూడా ఉంది. బోసిపోవడాన్ని అలాగే అంటారు. “మా ముసలాయన పోయినప్పటినుంచీ ఇదంతా సున్నాయే” అంది సుకవారో, చెయ్యి పొలం మీదుగా తిప్పి. మామూలుగా, వాన రాలేదని చెప్పినట్టు అంది. బంగారమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ముగ్గురూ అట్లు, ఆవకాయ తిన్నారు. సుకవారో ఆవకాయ రెండోసారి అడిగి వేయించుకుంది. బయల్దేరేటప్పుడు లేత తివడా ఆకు గిల్లి బంగారమ్మ కొంగులో పోసింది. దాన్ని ఆ రాత్రి వెల్లుల్లి వేసి వండితే, భీమారావు రెండుసార్లు వడ్డించుకున్నాడు.

మరుసటి ఆదివారం ఆయన చెబుతుంటే వీణ ఇంగ్లీషులో రాసింది. వెళ్ళినవాళ్ళ పేర్ల దగ్గర తండ్రిదీ తల్లిదీ వేసి ఆపబోతే, “సుకవారో బాయి పేరు కూడా ఎయ్యమ్మా. ఆమె రానిస్తేనే గదా” అన్నాడు. పదకొండో రోజున జవాబు వచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఖాళీ గడి ఉన్న చోట ఇప్పుడు కనిపిస్తున్న పొలాన్ని చాలాసేపు చూశాడు. “పాసైంది” అన్నాడు. షాపులో ఎవరికీ చెప్పలేదు. బంగారమ్మే కుళాయి దగ్గర అందరికీ చెప్పింది, తన చెయ్యి ప్రపంచమంతా చూస్తున్నారని.

మే నెలలో, ఒక మధ్యాహ్నం, భీమారావు డబ్బాలో అన్నం తిని, గిన్నె కడిగి, పెయింటు షెడ్డులో బెంచీ మీద ఒరిగాడు. రెండింటి సైరన్ కూత అయ్యాక తోటివాళ్ళు వెళ్ళి లేపితే లేవలేదు. మొహంలో నొప్పి లేదని, నిద్రపోతున్నాడనే అనుకున్నామని వాళ్ళు బంగారమ్మకు మళ్ళీ మళ్ళీ చెప్పారు. ఆమె ఆ మాటే పట్టుకుంది.

ఆగస్టు చివర్లో క్వార్టరు అప్పగించాలి. సామాను బండి భిలాయికి ముందే వెళ్ళిపోయింది. బంగారమ్మ ఖాళీ గదిలో గచ్చు మీద గోడకు ఆనుకుని కూర్చుని, “ఆ పొలం ఓపాలి సూపించమ్మా” అంది.

వీణ ఫోన్ తెరిచి ఇచ్చింది. బంగారమ్మకు మొదట తన చెయ్యే కనిపించింది, ఆకుపచ్చ గాజులతో. ఉత్తరాన మోదుగు చెట్లు. తూర్పున గడ్డివాము. దక్షిణాన ఏమీ లేదు, మోళ్ళూ ఆకాశమూ. ఎందులోనూ ఆయన లేడు, తీసింది ఆయనే కాబట్టి. పడమటి ఫోటో దగ్గర ఆమె వేలు ఆగింది. గట్టు మీద ఏదో నల్లగా ఉంది. వీణ నేర్పినట్టు రెండు వేళ్ళతో దాన్ని దగ్గరకు లాగింది.

రెండు జతల చెప్పులు. చిన్న జత తనది, పక్కపక్కన సరిగ్గా విడిచినది. దాన్ని ఆనుకుని పెద్ద జత, హడావిడిగా వదిలేసినట్టు, ఒకటి పొలం వైపు తిరిగి, ఒకటి బోర్లాపడి, మడమ దగ్గర అరిగిపోయిన చోట పల్చగా ఎండ పడుతూ ఉంది.