అమ్మకు పంపిన ఫోటో

ఫోటోగ్రాఫరు శవపేటికను గోడకు ఏటవాలుగా నిలబెట్టించాడు. మూత తీసేశారు. ముఖం కనబడాలి కదా.

"చచ్చిపోయిన మనిషితో ఫోటో ఏమిటి వదినా? మీ గలీసియా వాళ్ళకి పిచ్చా?" అంది నెలిదా, పేటికలో ఉన్న నా తమ్ముడు సెకుందినో భార్య. ఇక్కడే, బ్యూనస్ ఎయిరిస్‌లో పుట్టింది. ఇటలీ వాళ్ళమ్మాయి.

"మరి మా అమ్మకి వాడి మొహం ఇంకెలా చూపించమంటావు? ఎనభై ఏళ్ళావిడ ఓడెక్కి వస్తుందా?"

సముద్రం అవతల, గలీసియాలోని మా ఊళ్ళో ఎవరు పోయినా అందరూ పేటిక చుట్టూ నిలబడి ఇలాగే తీయించుకుని, వలస వచ్చిన మాకు పంపేవారు. నాన్న ఆఖరి చూపు మాకు అలాగే దక్కింది. ఇప్పుడు మా వంతు. అమ్మ కూడా మాతో కలిసి ఏడవాలి, నాకు అంతే కావాలి. సెకుందినో తల దగ్గర నిలబడి వాడి నుదుటి మీద చెయ్యి వేశాను.

చలికాలంలో మా ఊరి పొరుగింటి పిల్ల ఒబ్దూలియా ఓడ దిగి, మూటతో నేరుగా మా వంటింట్లోకి వచ్చింది. ఉన్ని మేజోళ్ళు తీసి బల్ల మీద పెట్టింది.

"అమ్మమ్మ సెకుందినో మావయ్యకి అల్లింది పిన్నీ." మా అమ్మని ఆ పిల్ల అమ్మమ్మ అనే పిలుస్తుంది.

"ఫోటో అందలేదా?"

"అందింది." ఆ పిల్ల తల దించుకుంది. "పోయింది మావయ్యేనని ఫాదరు గారు కూడా చెప్పారు. అమ్మమ్మ వింటేగా! నా కొడుక్కి ఒత్తయిన జుట్టు, ఈ బట్టతలాయన ఎవరో, ఎవరి ఫోటోనో మనకి పంపారు అని నవ్వుతుంది."

వచ్చిన కొత్తలో, పంతొమ్మిదేళ్ళప్పుడు, అరువు కోటు వేసుకుని వాడు తీయించుకున్న ఫోటో ఒక్కటే అమ్మ దగ్గరుంది. ఇంకోటి పంపరా అంటే, "ఈ బోడిగుండు చూస్తే అమ్మ దడుచుకుంటుందే అక్కా" అనేవాడు. నేను అసలు ఒక్కటీ పంపలేదు.

"పోనీ నన్ను చూసైనా తెలియలేదా? పక్కనే ఉన్నానుగా?"

ఒబ్దూలియా మేజోళ్ళని మళ్ళీ మడత పెట్టసాగింది.

"చెప్పవే."

"ఎవరో పెద్దావిడ, పాపం, అతని నుదురు నిమురుతోంది, దేవుడు ఆవిణ్ణి చల్లగా చూడాలి అంటుంది పిన్నీ. రోజూ మీ ఇద్దరి పేర్లూ చెప్పుకుని ప్రార్థన చేశాక, ఆ పెద్దావిడ కోసం కూడా చేస్తుంది."

పొయ్యి మీద క్యాబేజీ సూపు పొంగి మంట మీద పడింది. ఆ పిల్లే లేచి దించింది. గిన్నె పక్కన పెట్టి అడిగింది, "ఇంటికి ఏమని రాయమంటావు పిన్నీ?"

"అమ్మ అన్నదే నిజమని, ఫోటోలు తారుమారయ్యాయని రాయి," అన్నాను.