రెండో రౌండు

ముందు చక్రం మూడు, వెనక చక్రం పది, ఎంత చక్కటి రాత, ఎవరిదబ్బా అనుకున్నాను ఒక్క క్షణం, నాదే, ఏడేళ్ళ కిందటి నా రాతే, కింద సంతకం లేదు, పద్నాలుగు అని నంబరు మాత్రం ఉంది, పార్కింగు జరిమానాలు రాస్తూ వీధుల్లో తిరిగే రోజుల్లో మాకు పేర్లుండేవి కావు, నంబర్లే, పద్నాలుగు అంటే నేనని ఈ గదిలో ఎవరికీ గుర్తులేదు, నాకూ గుర్తులేకపోతే ఎంత బాగుండేది, చుట్టూ అట్టపెట్టెలు నడుము దాకా పేర్చి ఉన్నాయి, ఊరు ఊరంతా కట్టకుండా వదిలేసిన చీటీలు, ఐదేళ్ళు దాటినవన్నీ రద్దు చేసెయ్యమని పైనుంచి ఆర్డరు, ఈరోజే ఆఖరు, నాలుగింటికి కాగితాలు ముక్కలు చేసే బండి వస్తుంది, తియ్యి, రద్దు ముద్ర కొట్టు, పెట్టెలో పడెయ్యి, పొద్దుట్నించీ చెయ్యి దాని పాటికది కొడుతూనే ఉంది, ఈ చీటీ దగ్గర ఆగిపోయింది.

చక్రానికి గాలి కొట్టే వాల్వు ఉంటుంది కదా, అది గడియారంలో ఎన్నింటి దగ్గరుంటే ఆ అంకె రాసుకోవడం మా పని, ఒంటిగంటకి మొదటి రౌండులో ఒకసారి, మూడున్నరకి రెండో రౌండులో ఇంకోసారి, రెండుసార్లూ అవే అంకెలైతే బండి కదల్లేదన్నమాట, రెండు గంటల హద్దు దాటిందన్నమాట, ఇంక ఎవరెంత మొత్తుకున్నా తిరుగులేదు, కానీ వానరోజుల్లో చీటీ బండి అద్దానికి పెట్టక్కర్లేదు, పోస్టులో పంపితే చాలని ఒక రూలు ఉండేది, ఆ రూలు రాసిన మహానుభావుడెవరో గాని నా పాలిట దేవుడు, వాన పడితే మొదటి రౌండు తిరిగి తిన్నగా ఫైర్ స్టేషన్లో దూరేవాణ్ణి, అక్కడ క్యారమ్ బోర్డు, మూడున్నర కాగానే చీటీల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని మొదటి వరస అంకెల్నే రెండో వరసలో దింపేసేవాణ్ణి, ఈ వానలో బండి ఎవరు తీస్తారులే అని, తీసినా ఎవరు చూడొచ్చారులే అని, అందరి చీటీలూ తడిసి సిరా పాకిపోతే నావి ఇస్త్రీ చేసినట్టుండేవి, అప్పటి సూపరింటెండెంటు వాటిని పైకెత్తి చూపించి, చూసి నేర్చుకోండయ్యా అన్నాడు, నేను తల దించుకున్నాను, అది వినయం అనుకున్నారు అందరూ, ఈ చీటీ మడతలో ఇప్పటికీ తెల్లగా ఏదో ఉంది, వేలితో రుద్దితే నున్నగా జారింది, క్యారమ్ పౌడరు.

ఈ చీటీ రాసిన రోజు, ఆ వానలో ఒకావిడ బండి తీసింది.

తియ్యక ఏం చేస్తుంది, మూడింటికి స్కూలు వదుల్తారు, ఐదేళ్ళ పిల్లలు తొమ్మిదిమంది, వాళ్ళని ఇళ్ళకి చేర్చే బండి నడిపేది ఆవిడే, చేర్చింది కూడా, కానీ బండి కాగితాల్లో స్కూలు అడ్రసు ఉంది, నా చీటీ నకలు పోస్టులో నేరుగా హెడ్మాస్టారి బల్ల మీదకి వెళ్ళింది, ఒంటిగంట నుంచి మూడున్నర దాకా ఈ బండి బజారువీధిలో కదలకుండా ఉంది అని, అయితే ఆ రోజు పిల్లల్ని ఎవరి బండిలో పంపావమ్మా అని అడిగారట, నేనే తీసుకెళ్ళానండీ అంటే ప్రభుత్వ కాగితం అబద్ధమాడుతుందా అన్నారట, ఐదేళ్ళ పిల్లల మాట లెక్కలోకి రాదన్నారట, ముక్కూ మొహం తెలియని వాళ్ళ చేతిలో పసిపిల్లల్ని పెట్టిన మనిషి అని పనిలోంచి తీసేశారట, ఇవన్నీ ఎక్కడో విన్నవి కావు, ఆవిడే చెప్పింది, మోకాళ్ళు అరిగి నేను ఈ కుర్చీలోకి వచ్చిన మొదటి వారంలోనే, నా బల్ల ముందు నిలబడి, అప్పటికే నాలుగేళ్ళుగా ప్రతి సోమవారం వస్తోంది, మా వాళ్ళు ఆవిడకి సోమవారం అని పేరు పెట్టేశారు, అదిగో సోమవారం నడిచొస్తోంది అని నవ్వుకునేవాళ్ళు, నేనూ నవ్వాను, తేలు కుట్టిన దొంగలా లోపల్లోపల మండుతూ పైకి నవ్వాను, ఆవిడ వంగి, అన్నయ్యా, ఈ పద్నాలుగో నంబరాయన్ని ఒక్కసారి చూపిస్తారా, తిట్టను, కొట్టను, ఆ రోజు నిజంగా వచ్చి చూశారా అని అడుగుతానంతే అంది.

రిటైరైపోయాడమ్మా అన్నాను.

ఎంత సులువుగా వచ్చేసింది ఆ మాట, మా ఆవిడ అంటూంటుంది, మీకు అబద్ధం అతకదండీ, మొహం పట్టిస్తుంది అని, ఏదీ, పట్టించలేదే, ఆవిడ అయ్యో అలాగా అని వెళ్ళి బెంచీ మీద కూర్చుంది, నేను నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను, అప్పట్నించీ ప్రతి సోమవారం ఇస్తూనే ఉన్నాను, ఈ ఆఫీసులో మనిషంటే మీరొక్కరే అన్నయ్యా అంటుంది, గ్లాసు అందుకుంటూ.

ఇవాళా సోమవారమే, ఇప్పుడూ అక్కడే ఉంది, పొద్దున సూపరింటెండెంటు బయటికెళ్ళి మరీ చెప్పాడు, శుభవార్తమ్మా, నీ చీటీ కూడా రద్దు, ఇంక నువ్వు రావక్కర్లేదు అని, ఆవిడ లేవలేదు, రద్దెందుకు బాబూ, నా బండి ఆ రోజు అక్కడ లేదని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు అంది, ఆయన లోపలికొచ్చి, మంచి చేసినా మెచ్చరయ్యా ఈ జనం అని పంకా వేసుకున్నాడు, మూడున్నరయింది, ఇంకో అరగంటలో ఈ కాగితం ముక్కలైపోతుంది, ఆవిడ మాట నిజమని చెప్పగలిగేది వానచుక్క అంటని ఈ కాగితమొక్కటే, ఇది పోతే ఆవిడ చచ్చేదాకా పిల్లల్ని ఎవరికో అప్పజెప్పిన మనిషే, నాకు ఇంకా రెండేళ్ళ సర్వీసుంది, చెప్తే ఏమవుతుందో తెలుసు, ఆ రోజే ఒప్పుకునుంటే ఓ తిట్టుతో పోయేది, గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను, ఈ ఒక్కటీ కూడా కాదు, ఆ వానరోజుల్లో రాసినవి ఎన్నో, నోరెత్తకుండా కట్టేసినవాళ్ళు ఎందరో, ముద్ర కొట్టెయ్, ఎవరికి తెలుస్తుంది, కొట్టేసి ఓ గ్లాసు నీళ్ళు ఇచ్చిరా, చివరిసారి.

నీళ్ళు. చెయ్యి గ్లాసు దాకా వెళ్ళి ఆగింది, మూడేళ్ళుగా నేను ఆవిడకి నీళ్ళివ్వలేదు, ఆవిడకి ఇంకా తెలియలేదు కదా అని మొహంలోకి చూసి రావడానికి వెళ్ళాను, ఆవిడ నన్ను మనిషి అంటుంటే విని రావడానికి వెళ్ళాను, ఆవిడ సోమవారాలు తాగింది నేను, చీటీ జేబులో పెట్టుకుని లేచాను, గడియారంలో మూడున్నర దాటి రెండు నిమిషాలు, ఏడేళ్ళ కిందట తిరగాల్సిన రెండో రౌండు, ఇక్కణ్ణించి ఆ బెంచీ దాకా ఇరవై అడుగులు, సూపరింటెండెంటు ఎక్కడికయ్యా అంటున్నాడు, కాగితాల బండి వచ్చేస్తోందయ్యా అంటున్నాడు, ఆవిడ తలెత్తి నా చేతుల వైపు చూసింది, గ్లాసు లేదేమిటా అని కాబోలు, నేను పక్కన కూర్చున్నాను, అమ్మా, పద్నాలుగో నంబరు రిటైరవలేదు అన్నాను.