బురద దీపం

చంద్రమౌళి తొట్టి మీదికి వంగి, లోపలి బురదను ముందు ముక్కుతో, తర్వాత మీటరుతో కొలిచాడు. కంపు తగ్గింది. అంకె పెరిగింది. రెండూ మంచి కబుర్లే, అందుకే అనుమానం వచ్చింది. తొట్టి తీగకు తగిలించిన, రోజూ మిణుకు మిణుకుమనే చిన్న దీపం ఇవాళ పెళ్లిపందిట్లో బల్బులా వెలుగుతోంది.

"ఎందుకబ్బా?" అని తొట్టినే అడిగాడు.

వాకాడు దగ్గర, ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఈ రేకుల షెడ్డే అతని పరిశోధనశాల. రొయ్యలు పెంచే గుంటలో అవి తినగా మిగిలిన మేత, వాటి రెట్ట అడుగున కుళ్లి నీటిని పాడుచేస్తాయి. ఆ కుళ్లును తినే సూక్ష్మజీవులు అదే బురదలో ఉంటాయి. తింటూ తింటూ కాస్త కరెంటు వదులుతాయి. బురదలో పాతిన బొగ్గుగుడ్డ దాన్ని అందుకుని తీగకిస్తుంది. గుంటా బాగుపడుతుంది, దీపమూ వెలుగుతుంది.

ఈ మూడు ముక్కలు నిరూపించడానికే చంద్రమౌళికి జుట్టు నెరిసింది. నడుం సన్నం, గొంతు మరీ సన్నం. సూక్ష్మజీవులతో వేగీ వేగీ తనూ ఒక సూక్ష్మజీవి అయ్యాడు, సభల్లో ఎవరి కంటికీ ఆనడు. తోటివాళ్లకు బిరుదులొస్తే ఇతనికి బురదొచ్చింది. ఉన్న విద్వత్తంతా విద్యుత్తుగా మార్చినా ఒక్క దీపానికే సరిపోయింది. పైగా పెద్దలు ఏదడిగినా, "నాకూ అర్థం కావడం లేదండీ" అని ఉన్నదున్నట్టు చెప్పేసేవాడు. అలాంటివాణ్ణి పైకి ఎవరు లాగుతారు?

సాయంత్రం గుంటల యజమాని నరసయ్య వస్తాడు. దీపం చూసి నమ్మితే ఒక గుంట మొత్తం ప్రయోగానికి ఇస్తాడు. లేదంటే ఈ షెడ్డులో మేత బస్తాలు వేసుకుంటాడు. ఆ మాట ముందే చెప్పేశాడు.

మధ్యాహ్నం టీ తాగి వచ్చేసరికి దీపం చిన్నబోయింది. మీటరులో అంకె జారిపోతోంది. చంద్రమౌళి తీగలు పీకి మళ్లీ తగిలించాడు. తొట్టి చుట్టూ తిరిగాడు. రేకుల సందులోంచి ఎండను చూశాడు, చివరికి తన అరచేతిని చూసుకున్నాడు. రొయ్యో మొర్రో అందామన్నా వినే నాథుడు లేడు.

షెడ్డు ఊడ్చే కామాక్షమ్మ చీపురుతో వచ్చింది. "ఏంది సారూ, అట్టా దిగాలుగా నిలబడుండారు?"

"పొద్దున వెలిగింది, ఇప్పుడు ఆరిపోతోంది. ఎందుకో తెలియడం లేదమ్మా."

"బాగుండాలనే గదా నేను పొద్దున్నే తొట్టిలో బ్లీచింగు కలిపి పోసినా! గబ్బు కొడితే అయ్య ముక్కు మూసుకోని పోతాడని. మీరు టీకి పోయినప్పుడు మళ్లా పోసి, అడుగుదాకా కర్రతో తిప్పినా. పురుగూ పుట్రా ఒక్కటి మిగలదు, చూడండి!"

ఆమెను ఏమనగలడు? ఈ గుంటల మీద కాళ్లు కడిగేది బ్లీచింగుతోనే, బండి చక్రాలు కడిగేదీ దానితోనే. రొయ్యలకు రోగం తగిలితే పంటంతా చచ్చి తేలుతుందని అందరికీ భయం. ఆ వాసన ఇక్కడి గాలిలోనే ఉంటుంది కాబట్టి చంద్రమౌళి ముక్కూ పసిగట్టలేదు. పైనీళ్లలో పడ్డ బ్లీచింగు, అడుగు కరెంటును గట్టిగా పైకి లాగి, ముందు దీపాన్ని ఎగదోసింది. అడుగుకు దిగాక, దాన్ని వెలిగించే జీవులను చంపేసింది. పొద్దుటి నుంచి తల తినేసిన చిక్కు ఒక్క క్షణంలో విడిపోయింది. విడిపోయినందుకు సంతోషించాలో ఏడవాలో మాత్రం తేలలేదు.

బయట మోటారుసైకిలు ఆగింది.

"యాడ సారూ దీపం?" నరసయ్య వస్తూనే అడిగాడు. నీళ్లు తిప్పే మోటారు ఆపి నిద్రపోయాడని మొన్ననే గుంటల కాపలా సుబ్బును నిలబడ్డ పాటున పనిలోంచి తీసేసిన మనిషి.

"అయ్యా, నేను పొద్దున్నే..." కామాక్షమ్మ ఉత్సాహంగా అందుకుంది.

"ఈమె చాలా శుభ్రంగా ఉంచింది," చంద్రమౌళి అడ్డుపడ్డాడు. సన్నని గొంతు కాస్త లేచింది. "దీపం ఎందుకు ఆరిందో... నాకూ అర్థం కావడం లేదండీ."

ఆ మాట అబద్ధంగా అనడం అతనికి ఇదే మొదలు.

"మట్టిలో కరెంటంటే నమ్మినానే, నాదీ మట్టిబుర్రే!" నరసయ్య పెద్దగా నవ్వాడు. నవ్వు ఆగాక, "రేపు బస్తాలు దించుతాండారు సారూ. ఏమీ అనుకోబాకండి," అన్నాడు.

కామాక్షమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. చంద్రమౌళి సంచి సర్దుకుని నెల్లూరు వైపు పోయే ఆటో ఎక్కుతుంటే వెనకాలే వచ్చింది.

"మళ్లా ఎప్పుడొస్తారు సారూ?"

అతను తల ఊపాడు. వస్తాననో రాననో ఆమెకు తెలియలేదు.

షెడ్డులో మేకుకు అతను వదిలిపోయిన రబ్బరు చేతితొడుగులు వేలాడుతున్నాయి, లోపల ఇంకా చేతులున్నట్టే వేళ్లు ఉబ్బి, కొసల నుంచి బురదనీళ్లు ఒక్కొక్క బొట్టే కారుతూ.